పేరు మార్చినంత మాత్రాన మనిషి మారునా?



ఇంటిలో పాము కనబడగానే కర్ర తెమ్మందుము. అది పిల్లా, పెద్దదా అని ఎవరును విచారింపరు. పామును చంపినవానిని తప్పు పట్టువారును లేరు. అందుచేతనే మనిషిని చంపదలచినవారు ముందుగా అతనిని పాము అనియో, కుక్క అనియో పిలుచుట మొదలుపెట్టుదురు.

1968 మార్చి 16వ తేదీన వియత్నాం దేశమందలి సన్ మీ గ్రామములో జరిగినది ఇందుకు సాక్ష్యము. మై లాయ్ అను పేరుతో అది లోకమునకు తెలిసినది. ఆ ఉదయమున అమెరికా సైనికులు ఊరిలో ప్రవేశించి, తమను ఎదిరించువారు లేకున్నను, వృద్ధులను, స్త్రీలను, చంటిబిడ్డలను చంపిరి. చనిపోయినవారు 504 మంది అని అచ్చటి స్మారకము చెప్పుచున్నది. అమెరికా సైన్యపు లెక్క 347. ఆ సైనికులు మన పిల్లలవంటి పడుచువారే. అంతకుముందు వారములలో మందుపాతరలవలన తోటివారిని పోగొట్టుకొనిన దుఃఖము, భయము వారికుండెను. దానికి తోడు, ఆ దేశపు జనులను "గూక్" అను నీచమైన పేరుతో పిలుచుటకు వారు అలవాటుపడియుండిరి. ఆ పేరులో తల్లి లేదు, బిడ్డ లేదు, ముసలివాడు లేడు. 22 మందిని చంపెనని 1971లో నేరము స్థాపింపబడిన లెఫ్టినెంట్ కాలీ, తాను పురుషులు, స్త్రీలు, పిల్లలు అని వేరుగా తలంపలేదనియు, అందరును శత్రువులుగానే లెక్కింపబడిరనియు న్యాయస్థానములో చెప్పెను.

సైన్యము మొదట దీనిని విజయమని ప్రకటించెను. 128 మంది శత్రువులు హతులైరనెను. దొరికిన తుపాకులు మాత్రము మూడే. 1969 నవంబరులో నిజము పత్రికలకెక్కెను. తీర్పు వచ్చినప్పుడు ఆ దేశ ప్రజలలో అనేకులు కాలీ పక్షమున నిలిచిరి. పైయధికారులను విడిచి అతనినొక్కనినే శిక్షించుట తగదని కొందరనిరి. అందులో న్యాయము లేకపోలేదు. అయితే యుద్ధమన్న తరువాత ఇట్టివి జరుగునని సరిపెట్టుకొన్నవారును గలరు.

ఆ దినముననే హ్యూ థాంప్సన్ అను సైనికుడు తన హెలికాప్టరును సైనికులకును గ్రామస్థులకును నడుమ దించెను. మనవారు వీరిని కాల్చిన యెడల మీరు మనవారినే కాల్చుడని తన తోటివారిద్దరికి ఆజ్ఞాపించెను. కందకములో శవముల మధ్య ప్రాణముతోనున్న బిడ్డను తీసి ఆసుపత్రికి చేర్చిరి. అతడును అదే సైన్యమువాడు, అదే యుద్ధములో నున్నవాడు. అయినను బిడ్డ అతని కంటికి బిడ్డగానే కనబడెను. ముప్పది సంవత్సరముల తరువాత, 1998లో, సైన్యము ఆ ముగ్గురిని పతకములతో గౌరవించెను; వారిలో ఒకడు అప్పటికే మరణించియుండెను.

కాపరిగా నేను కాలువనీటి తగవులు అనేకము చూచితిని. ఎదుటివారి పేరు పలుకుట మాని "ఆ పశువులు" అనుట మొదలుపెట్టిననాడే తగవు ముదిరినదని గ్రహింతును. ఇప్పుడు దూరదేశపు యుద్ధవార్తలు మన చేతిలోని ఫోనులకే వచ్చుచున్నవి. "వాళ్ల పిల్లలేగా, పెరిగితే వాళ్లూ అంతే" అను మాట మన అరుగులమీదను వినుచున్నాను.

నీనెవె యోనాకు శత్రువుల పట్టణము. అది నశింపలేదని అతడు కోపగించెను. దేవుడైతే కుడియెడమలు ఎరుగని లక్ష యిరువది వేలమందిని, వారి పశువులను సైతము లెక్కించి అతనికి చూపెను.

కాబట్టి ఇకమీదట యుద్ధవార్త విన్నప్పుడు, చనిపోయిన పిల్లలు ఎందరని అడుగుడి. ఎవరి పిల్లలని అడుగకుడి.