పాత కారు, మారు క్యాలిపర్లు

సోదరీమణులారా, బ్రేకు మరమ్మతు కూడ ఇంటిపనులలో ఒకటి యని వ్రాసినచో మీలో కొందరు నవ్వవచ్చును. కాని ఆ కారులో కూర్చుండువారు మన పిల్లలే, మన అత్తమామలే. అది చెడినప్పుడు "బాగుచేసితిరా?" యని అడిగి, "చేసితిమమ్మా" యన్న మాట నమ్మి, సొమ్ము చెల్లించి వచ్చుటతో మన పని తీరినదనుకొనుట నాకెన్నడును సరిగా తోచలేదు. అందుచేత కడచిన వేసవిలో మా కారునకు పాత క్యాలిపర్లు వెదకి తెచ్చి, వానిని విప్పి శుభ్రపరచి తిరిగి కట్టించిన విధమును కొంత విపులముగా వ్రాయుచున్నాను.

మేముండునది శాలిబండ. 1904వ సంవత్సరమున కట్టిన గడియారపు స్తంభము మా వీథినుండి కనబడును. చార్మినారునుండి దక్షిణముగా వచ్చు దారి ఇచ్చట మెరక యెక్కును. ఆటోలు, తోపుడుబండ్లు, బజారు చేయవచ్చిన స్త్రీలు, బడి వదలిన పిల్లలు. అడుగునకొకమారు బ్రేకు త్రొక్కక ఈ దారిని దిగుట అసాధ్యము. మా కారు 1999వ సంవత్సరపు మారుతి 800. ఈ రకపు కారు 1983 డిసెంబరులో వెలువడి, 2014లో తయారీ నిలిచిపోయినది. మన నగరమందు క్రొత్తవి అమ్ముట 2010 ఏప్రిలులోనే ఆగినది.

మా అమ్మాయికి కారు నడపుట క్రొత్తగా వచ్చినది. వాళ్ల నాయనమ్మను వారమునకొకమారు కంటివైద్యునియొద్దకు తీసికొనిపోవుట దాని పని. ఒకనాడు తిరిగివచ్చి, "అమ్మా, కారు తనంతట తానే ఎడమప్రక్కకు లాగుచున్నది, ఏదో కమరువాసన కూడ వచ్చుచున్నది" అని చెప్పినది. ముందరి ఎడమచక్రము దగ్గరకు చేయి తీసికొనిపోగా, అప్పుడే పొయ్యిమీదనుండి దించిన పెనమువలె సెగ కొట్టినది. కుడిచక్రము గోరువెచ్చగా మాత్రమే యున్నది. మావారు ఇక ఆ కారును కబాడీవానికి ఇచ్చివేయుదమనిరి. అత్తగారు మాత్రము, "మీ మామగారు కొన్న బండి" యని కంట నీరు పెట్టుకొనిరి. నేను మా గల్లీ చివరనున్న వృద్ధ మిస్త్రీయొద్దకు పోయితిని. ఆయనను అందరు ఉస్తాద్ అందురు. నాకాయన చాచా, ఆయనకు నేను బేటీని.

క్యాలిపర్ అనగా నేమో ముందు చెప్పవలెను. చక్రముతోపాటు తిరుగు ఇనుపపళ్లెము డిస్కు. దానిని రెండు ప్రక్కలనుండి రెండు ప్యాడ్లు ఒత్తిపట్టి ఆపును. ఆ ప్యాడ్లను బిగించు పట్టకారే క్యాలిపర్. మన కాలిక్రింది పెడలు నొక్కగా గొట్టములలోని బ్రేకు ఆయిల్ ఒత్తిడి పొంది, క్యాలిపర్ కడుపులోనున్న పిస్టనును ముందుకు త్రోయును. ఇట్టి డిస్కు బ్రేకునకు ఇంగ్లండులో లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే పేటెంటు పొందెను. బ్రేకు చరిత్రలో మన జాతికిని పాలున్నది సుమా! 1888లో జర్మనీదేశపు బెర్తా బెంజ్ అను ఇల్లాలు, తన భర్త నిర్మించిన మోటారుబండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ నగరమునకు సుమారు నూరు కిలోమీటర్లు పోయినది. దారిలో కొయ్య బ్రేకులు అరిగిపోగా, ఒక చెప్పులు కుట్టువానిచేత వానికి తోలుముక్కలు వేయించినది. నేటి బ్రేకు ప్యాడ్లకు మూలము ఆ తోలుముక్కలే.

చాచా మొదట చేసిన పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. చక్రము నేలను తాకకుండ లేవనెత్తి, క్యాలిపర్ మీది నిప్పిల్ను కొంచెము వదులుచేసిరి. లోపలి ఆయిల్ చిమ్మి, ఆ వెంటనే చక్రము సులువుగా తిరిగినచో దోషము క్యాలిపరుది కాదు. రబ్బరుగొట్టము లోపల ఉబ్బి మూసికొనిపోవుటచేతనో, పైనున్న మాస్టర్ సిలిండరు చెడుటచేతనో ఒత్తిడి వెనుకకు మరలలేదని యర్థము. అట్లు తిరుగనిచో పిస్టనో, క్యాలిపర్ జారు పిన్నులో జామ్ అయినవనుట. మా చక్రము తిరుగలేదు. విప్పిచూడగా పిస్టను త్రుప్పుపట్టి గుంటలు పడియున్నది. రబ్బరు సీలు కూర్చుండు గాడి కూడ తినివేయబడినది. ఆ క్యాలిపర్ ఇక పనికిరాదు. కుడివైపుది కూడ అంతే వయస్సుది కనుక జతగా మార్చుట మంచిదని చాచా చెప్పిరి.

పాతవానికై గురువారమునాడు జుమ్మెరాత్ బజారునకు పోవలసివచ్చినది. పోవుటకు ముందు, రవిక కత్తిరించుటకు కాగితపు మాదిరి తీయునట్లు, మా క్యాలిపర్ను అట్టమీదనుంచి బోల్టు రంధ్రముల నడిమి దూరమును, ప్యాడ్లు కూర్చుండు చోటి వెడల్పును గీచి తీసికొంటిని. పిస్టను వ్యాసమును చాచా వర్నియరుతో కొలిచి అదే యట్టమీద వ్రాసిరి. గోనెపట్టామీద గుట్టపోసిన యినుములో పదునేనిమిది క్యాలిపర్లైనను ఉండును. "అన్నియు మారుతివే, అన్నియు ఒకటే" యని అమ్మువాడు ప్రమాణము చేసెను. అట్ట ఉంచి చూడగా సగము సరిపడలేదు. కంటికి అక్కచెల్లెండ్రవలె నుండును. రంధ్రములు మాత్రము కలియవు.

కుడి యెడమల గుర్తు ఇంకను ముఖ్యము. క్యాలిపర్ను చక్రముదగ్గర నుంచినట్లు పట్టుకొన్నప్పుడు నిప్పిల్ పైభాగమున నుండవలెను. గాలి పైకే తేలును గదా! ఎడమదానిని కుడివైపు బిగించినచో నిప్పిల్ క్రిందికి పోయి, ఎంత ఆయిల్ పారించినను పైన గాలి నిలిచియేయుండును. అప్పుడు పెడలు దూదివలె మెత్తగా దిగిపోవును. అమ్మువాడు నాకు మొదట ఇచ్చిన రెండును ఎడమవే. మార్చి ఇచ్చుమనగా, "ఆడవారికి ఇదంతయు ఎవరు చెప్పిరి?" అని ఆశ్చర్యపడెను గాని, బేరమునకు మాత్రము దిగెను.

విప్పుట చాచాపని, చూచుట నా పని. పిస్టనును బయటికి తీయుటకు గాలిపంపు పెట్టుదురు. అది ఒక్కొక్కప్పుడు తుపాకిగుండువలె దూకును గనుక, ఎదుట కొయ్యముక్క అడ్డముంచి, వ్రేళ్లు దూరముగా నుంచవలెను. వచ్చిన పిస్టనును తుడిచి గోటితో గీచి చూడవలెను. గోరు తగులుకొనిన చోటు సీలు ఆనుభాగముననైన అది కారక మానదు. మేము తెచ్చినవానిలో ఒక పిస్టను నిగనిగలాడుచున్నది. రెండవది మసకగానున్నందున క్రొత్తది వేయించితిమి. గొట్టపు లోపలిగోడమీద స్వల్పపు గీతలకు భయపడనక్కరలేదు. సీలు గాడిలో కూర్చుండి పిస్టనునే పట్టుకొనును గాని గోడను కాదు. గాడిలో మాత్రము త్రుప్పు రవ్వయైనను ఉండరాదు.

ఆ సీలు దగ్గరనే చిన్న వాగ్వాదము జరిగినది. చాచా యొద్ద పనిచేయు కుర్రవాడు పాత సీలును కడిగి, "ఇది బాగానే యున్నది, మరల వేసెదను" అనెను. చూచుటకు బాగుగనే యున్నది. కాని పెడలు వదలినప్పుడు పిస్టనును వెనుకకు లాగు స్ప్రింగు ఏదియు లోపల లేదు! పిస్టను ముందుకు పోవునప్పుడు ఈ రబ్బరువలయము దానితో కొంచెము వంగును. ఒత్తిడి పోగానే తన పూర్వరూపమునకు వచ్చుచు పిస్టనును వెండ్రుకవాసి వెనుకకు తెచ్చును. రబ్బరు ముదిరినచో ఆ వెండ్రుకవాసి తప్పిపోయి ప్యాడు డిస్కును రాచుకొనుచుండును, చక్రము పెనమగును. కుక్కరు గాస్కెట్టు ముదిరినప్పుడు మనమేమి చేయుదుము? మూత పాతదే, గిన్నె పాతదే. గాస్కెట్టు మాత్రము క్రొత్తది. నేనీమాట యనగా చాచా నవ్వి, క్యాలిపర్ కిట్టు తెచ్చుటకు కుర్రవానిని రాణీగంజ్ పంపిరి.

బ్రేకు ఆయిల్ పేరునకే ఆయిల్, నిజమునకు నూనె కాదు. కిరసనాయిలు, ఇంజను ఆయిలు, గ్రీజు తగిలినచో ఈ రబ్బరు ఉబ్బి పాడగును. కావున సీలును బ్రేకు ఆయిల్‌తోనే తడిపి వేయవలెను. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చును. డాట్ 3 అను రకము క్రొత్తదైనప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడుకు తక్కువలో మరుగరాదని నియమము. తేమ పట్టినపిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. మరిగి ఆవిరి పుట్టినచో పెడలు త్రొక్కినను కారు ఆగదు. మూత తీసి నెలలతరబడి అటకమీద నుంచిన డబ్బాలోనిది పోయరాదు. కారు రంగుమీద పడినచో రంగును కూడ తినును. ప్యాడ్ల ధూళిని నోటితో ఊదుట మఱొక చెడ్డ అలవాటు. పాతవానిలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. తడిగుడ్డతో తుడిచినచో చాలును.

గాలి తీయునప్పుడు పెడలు త్రొక్కు పని నాకు దొరికినది. చాచా "దబావో" అన్నప్పుడు త్రొక్కుట, "పకడో" అన్నంతసేపు త్రొక్కియుంచుట. నిప్పిల్ మూయకముందే కాలు తీసినచో బయటి గాలి లోపలికి పోవును. నాలుగు చక్రములు ముగియుసరికి నా పిక్కలు పట్టుకొనిపోయినవి, పెడలు మాత్రము రాయివలె గట్టిపడినది.

మఱునాడు తెల్లవారకముందు, వీథి నిర్మానుష్యముగా నున్నప్పుడు, చాచాయే మొదట మెరకమీదనుండి మెల్లగా దింపి, మూడుచోట్ల ఆపి చూచిరి. కారు చక్కగా నిలిచినది. దిగి రెండు చక్రములదగ్గర చేయి పెట్టి చూచితిని. రెండింటి వెచ్చదనము సమానముగా నున్నది. పదునైదు దినములు ప్రతి ఉదయమును ఆయిల్ డబ్బామీద పెన్సిలుగీత పెట్టి చూచితిని, మట్టము తగ్గలేదు. పదునాఱవనాడు అత్తగారు కండ్లజోడు తుడుచుకొని, మనుమరాలి ప్రక్కన ముందరి సీటులోనే కూర్చుండి వైద్యునియొద్దకు బయలుదేరిరి.