దొంగ సరుకుకు దొర పేర్లు

ఏ వృత్తికి ఆ వృత్తి భాష ఉంటుంది. సంతలో పశువుల బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. మా బ్యాంకులో తెల్లవారితే వోచరు, లెడ్జరు, ఓవర్‌డ్రాఫ్టు. కొత్తగా చేరిన గుమాస్తా ఆరు నెలలు ఆ మాటల మధ్య మసిలితే గాని మాలో మనిషి కాడు. అయితే దొంగతనానికి కూడా ఇంత పద్ధతైన పరిభాష ఉంటుందని మాత్రం మా మేనల్లుడి వల్లే తెలిసింది.

వాడు భువనేశ్వర్‌లో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు రూర్కెలా వచ్చినప్పుడు ఒక కొత్త తెలుగు సినిమా ఫైలు చూపించాడు. దాని పేరు మూరెడు పొడుగుంది. సినిమా పేరు, సంవత్సరం, ఆపైన 1080పి, వెబ్-డీఎల్, ఎక్స్264, చివర చిన్న గీత గీసి ఎవరిదో ముఠా పేరు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు, అన్నీ చుక్కలే.

"ఇది క్యామ్ కాదు మామయ్యా, అసలు ప్రింటే" అన్నాడు గర్వంగా.

ఒక్కో మాటకూ అర్థం చెప్పించుకున్నాను. వింటున్నకొద్దీ ఆడిట్ రిపోర్టు చదువుతున్నట్టే అనిపించింది. సొమ్ము పోతే మేము మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ చేతిలోంచి పోయింది? ఈ దొంగ కాపీల పేర్లలో ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళే రాసి పెట్టారు.

క్యామ్ అంటే హాల్లో కూర్చుని కెమెరాతో తీసింది. తలకాయలు అడ్డొస్తాయి, జనం నవ్వులూ వినిపిస్తాయి. అదే బొమ్మకు శబ్దాన్ని విడిగా, నేరుగా సంపాదించి అతికిస్తే టెలీసింక్. టెలీసినీ ఇంకా ఘనమైనది. సినిమా రీలునే యంత్రానికెక్కించి బొమ్మ బొమ్మనూ దించుకుంటారు. రీలు పెట్టె చేతికి చిక్కనిదే అది కుదరదు. స్క్రీనర్ అంటే విమర్శకులకూ, బహుమతులకు ఓటు వేసేవారికీ ముందుగా పంపిన కాపీ. 2004లో అమెరికాలో అటువంటి కాపీలు బయటపడితే, వాటిలో దాచిన గుర్తును బట్టి ఆస్కార్ అకాడమీ తన సభ్యుడొకరిని బహిష్కరించింది. ఇక వర్క్‌ప్రింట్ అంటే పని పూర్తికాని కాపీ, అంటే వంటింట్లోంచే పోయిందన్నమాట. 2009లో 'ఎక్స్-మెన్ ఆరిజిన్స్: వుల్వరీన్' విడుదలకు నెల ముందే ఇలా బయటికొచ్చింది.

మనకు అంతదూరం పోనక్కర్లేదు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదల కాకముందే సుమారు గంటన్నర భాగం బజారులో పడింది. పోయింది లోపలి మనిషి చేతిలోంచేనని పోలీసులు ప్రకటించారు. అక్టోబరులో రావలసిన సినిమాను హడావిడిగా సెప్టెంబరు 27కే విడుదల చేయాల్సి వచ్చింది. పెద్ద హీరో సినిమా గనుక నిలదొక్కుకుంది. చిన్న నిర్మాతకైతే ఆ దెబ్బతో అప్పుపత్రాలే మిగిలేవి.

ఇప్పుడు రాజ్యం ఓటీటీ కాపీలది. ఆ సంస్థల ఫైలును ఉన్నదున్నట్టు దించుకుంటే వెబ్-డీఎల్, ఆడుతుండగా పట్టుకుని మళ్ళీ కుదించి తయారుచేస్తే వెబ్‌రిప్. రిప్ అనే మాటకు అసలు అర్థం చింపి ఊడబెరకడం. ఆ పని చేసేవాళ్ళే ఆ పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో నిజాయితీగా ఉన్న మాట ఇదొక్కటేనేమో!

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది వాళ్ళ నాణ్యత తనిఖీ. ఈ లోకానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సీన్. బొమ్మ ఎంత పరిమాణంలో ఉండాలి, శబ్దం ఎలా ఉండాలి అన్నిటికీ రాతపూర్వకమైన నిబంధనలున్నాయి. నిబంధన తప్పిన కాపీని న్యూక్ చేస్తారు, అంటే దాని మీద అణుబాంబు వేసినట్టు, పనికిరాదని ముద్ర కొడతారు. ఒకరి కాపీలో లోపముంటే మరో ముఠా సరైనది తెచ్చి ప్రాపర్ అని పేరు పెడుతుంది. తమ తప్పు తామే దిద్దుకుంటే రీప్యాక్. మా శాఖల్లో కూడా ఇంత నిష్ఠ ఉంటే రిజర్వు బ్యాంకువారికి పనుండదు.

సీన్‌లోని సరుకు చివరికి జనంలోకి వచ్చే దారుల్లో టొరెంటు ఒకటి. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ తయారుచేసిన ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. పెద్ద ఫైలును ముక్కలు చేసి నలుగురూ ఒకరికొకరు పంచుకోవడమే. పూర్తి ఫైలు దగ్గరుంచుకుని పంచేవాడు సీడర్, అంటే విత్తనం వేసేవాడు. తీసుకోవడమే తప్ప ఇవ్వనివాడు లీచర్, జలగ అన్నమాట. తీసుకున్నదెంత, ఇచ్చిందెంత అన్న లెక్కకు రేషియో అని పేరు. అది తగ్గితే కొన్నిచోట్ల వెలివేస్తారు కూడా.

అప్పుడు మావాణ్ణి అడిగాను. "ఒరేయ్ అబ్బాయ్, ఇన్ని మాటల్లో ఆ సినిమా తీసినవాడికి ఒక్క మాటైనా ఉందిరా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "లేదు మామయ్యా. చివర ఉండే పేరు కూడా కాపీ చేసినవాళ్ళదే" అన్నాడు.

నాకు పట్టిన మాట అదే. జలగ అనే నింద, బాకీ అనే లెక్క, తప్పు దిద్దుకోవడమనే మర్యాద అన్నీ ఉన్నాయి. అయితే అవన్నీ వాళ్ళలో వాళ్ళకే. అసలు యజమాని పేర ఆ లెడ్జరులో ఖాతాయే తెరవలేదు.

మనం వాడే మాట సంగతీ చూడండి. "ప్రింట్ వచ్చిందా? ప్రింట్ బాగుందా?" అంటాం. ఒకప్పుడు మా ఊరికి ప్రింటు అంటే విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చే రేకు పెట్టెలు. మా తెలుగు సంఘం హాలు అద్దెకు తీసుకుని రెండు నెలలకో ఆదివారం పొద్దుటి ఆట వేసేది. నేను కోశాధికారిని. పెట్టె దిగిందని తెలిస్తే చాలు, ఉక్కు కర్మాగారం క్వార్టర్లన్నీ కదిలేవి. విశ్రాంతి సమయంలో సంబంధాలు మాట్లాడుకునేవారు, పిల్లలు తెలుగులో పోట్లాడుకునేవారు. తరువాత ఆదివారానికి ముందే సీడీ దిగడం మొదలైంది. 350 టిక్కెట్లు అమ్మేచోట చివరి ఆటకు 40 అమ్మాం. హాలు అద్దె పోను నష్టాన్ని కార్యవర్గం తలా కొంత పంచుకుంది. ఆ తరువాత ఆట లేదు.

"మాకు ఆ సీడీలే లేకపోతే మా పిల్లలకు తెలుగు వచ్చేదా?" అని అడిగేవారున్నారు. కాదనలేను. న్యాయమైన దారి లేని ఊళ్ళలో అది నిజమే. కానీ ఇప్పుడు ఆ దారి ప్రతి ఇంటికీ వచ్చింది. చట్టమూ గట్టిపడింది. 2023 సవరణ ప్రకారం సినిమాను దొంగతనంగా రికార్డు చేసినా, ఆ కాపీని ప్రదర్శించినా 3 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, కనీసం 3 లక్షల జరిమానా. ఆ జరిమానా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పెరగవచ్చు.

పిల్లల్ని జైలు పేరు చెప్పి భయపెట్టమని నేననను. ఆ పొడుగాటి పేరును వాళ్ళ చేతే ఒక్కసారి చదివించి, అందులో ఎవరి పేరు లేదో అడగండి. మా వాడికి అది చాలింది. అన్నట్టు, రేకు పెట్టెలు మోయాల్సిన రోజులు పోయాయి, హాళ్ళకు సినిమా డిజిటల్‌గానే వస్తోంది. వంద కుటుంబాలు టిక్కెట్టు కొంటామంటే మా సంఘం మళ్ళీ ఆదివారం ఆట వేయడానికి సిద్ధంగా ఉంది. మీ ఊళ్ళోనూ ప్రయత్నించి చూడండి.