చేపాకములో ఒక ఏకపక్షపు ఆట

క్రీడలను గూర్చి వ్రాయుటకు నాకు గల యోగ్యత స్వల్పము. ముప్పదియైదేండ్లు గుమాస్తాగా లెక్కల పుస్తకములు నింపినవాడను. బంతి చేతబట్టి యెరుగను. అయినను ఆట చూచునప్పుడు బంతి బంతికిని లెక్క వ్రాసికొనుట నా అలవాటు, అదియును తెలుగు అంకెలలో. బిన్నీ మిల్లులో పనిచేసిన మా నాయన నేర్పిన అంకెలవి.

2019 మార్చి 23, శనివారము. బెంగుళూరులో ఉద్యోగము చేయు మా అబ్బాయి తన కుమారుని వెంటబెట్టుకొని పెరంబూరు వచ్చెను. చేతిలో ఆ రాత్రి ఐ.పి.ఎల్. ఆటకు మూడు టిక్కెట్లు. సంచిలో మా యిల్లు అమ్ముటకు వ్రాయించిన ఒడంబడిక. టిక్కెట్లు తానే చూపెను. కాగితము సంగతి వాని తల్లి వంటయింట నా చెవిన వేసినది.

పెరంబూరులో రైలెక్కి సెంట్రలులో దిగి, పార్కుటౌనులో వేరొక రైలు పట్టి చేపాకము చేరితిమి. అంతకు ముందేడు కావేరీ జలముల ఆందోళన వలన ఇచ్చట ఒక్క ఆట మాత్రమే జరిగి, తక్కినవి పూనాకు తరలిపోయినవి. ఆ కఱవంతయు తీర్చుకొనుటకు వచ్చినట్లు జనులు కూడిరి. ఎటు చూచినను పసుపుపచ్చ చొక్కాలే. వాని నడుమ బెంగుళూరు వారి యెఱ్ఱచొక్కా తొడిగిన మా మనుమడు.

బెంగుళూరు ముందుగా బ్యాటు పట్టినది. బంతి మందముగా వచ్చి గిఱ్ఱున తిరుగుచుండెను. కోహ్లీ 6 పరుగులకు, డివిలియర్స్ 9 పరుగులకు హర్భజన్ సింగుకు చిక్కిరి. ఇమ్రాన్ తాహిర్ 9 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసెను. పార్థివ్ పటేల్ చేసిన 29 తప్ప రెండంకెలు ముట్టినవాడు లేడు. 17.1 ఓవర్లలో 70కి అందఱును వెడలిరి.

“తాతా, ఇక వ్రాయవద్దు” అని మనుమడు నా చేయి పట్టుకొనెను. కండ్లనిండ నీరు. నేను వ్రాయుట మానలేదు. జరిగిన పద్దు వ్రాయకుండుట నాకు చేతకాదు. ఆ రాత్రి మానియుండవలసినదని ఇప్పుడు తోచును.

ఇంతకును గెలిచినవారి వైభవమేమి? వాట్సన్ సున్నకే పోయెను. చెన్నై 71 చేయుటకు 17.4 ఓవర్లు పట్టినది. అనగా ఓడినవారు 103 బంతులలో చేసిన దానికి ఒక్క పరుగు చేర్చుటకు, గెలిచినవారు 106 బంతులు తినిరి! మరునాడు పత్రికలు పిచ్చును తిట్టినవి. నాకు మాత్రము ఆ లెక్క ముచ్చటగానే ఉండెను.

చెన్నైవారిలో అధికముగా 28 చేసినవాడు మన గుంటూరు అంబటి రాయుడు. నేను గట్టిగా చప్పట్లు కొట్టితిని. అంతలో హైదరాబాదు సిరాజ్ అతని వికెట్టు కూల్చెను. మనుమడు ఎగిరి గంతువేసి, “సిరాజ్ కూడ మనవాడే కదా తాతా?” అనెను. కాదనుటకు నోరాడలేదు. దానికిని చప్పట్లు కొట్టితిని. ముందు వరుసవారు వెనుదిరిగి చూచిరి.

ఆటోలో ఇల్లు చేరునప్పటికి పిల్లవాడు తండ్రి భుజముపై నిద్రపోయెను. గుమ్మమువద్ద మా అబ్బాయి, “నైనా, ఒక కాగితము...” అని ఆగెను.

“తెలియునురా. రేపు చూతము” అంటిని.

మరునాడు చూడలేదు. వాడును బలవంతపెట్టక, కాగితము మడిచి తీసికొని పోయెను. రెండేండ్లకు, నా భార్య మోకాళ్లు మెట్లెక్కనీయనప్పుడు, నేనే కబురంపి చేవ్రాలు చేసితిని. బెంగుళూరు మాత్రము పోలేదు. పాత యింటికి రెండు వీధుల అవతల, క్రింది అంతస్తులో అద్దెకున్నాము.

సామానులు సర్దునాడు దొరకిన ఆ లెక్క పుస్తకమును మనుమడు అడిగి పుచ్చుకొనెను. వానికి తెలుగు మాటలాడుటయే గాని చదువుట రాదు. వారము రోజులు టెలిఫోనులో అంకెలు చెప్పితిని. ఎనిమిదవనాడు వాడే పిలిచి, “ఏడు, సున్న. ఇది మాదే కదా తాతా?” అనెను.