లెక్కలోకి రాని మాట

మా చిన్నోడికి మూడేళ్ళు నిండినా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఫ్యాను తిరుగుతుంటే మాత్రం గంటసేపు కదలకుండా చూసేవాడు. "మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయిలే, వాళ్ళ నాన్నకు నాలుగో ఏట వచ్చాయి" అనేది మా అత్త. బడిలో పాతికమంది పిల్లల్ని చూసే టీచర్ని. ఎవరి బిడ్డ పలకడం లేదో ఇట్టే కనిపెడతాను. నా బిడ్డ దగ్గరకొచ్చేసరికి ఏడాదిపాటు మా అత్త మాటే పట్టుకుని కూర్చున్నాను. ఆ ఏడాది తిరిగి రాదు. ఇది చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, తోటి టీచర్లు ఆ తప్పు చేయకూడదనే రాస్తున్నాను.

మాది పల్నాడు వైపు సుగాలి తండా. టీటీసీ చదివి 2008 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు మంగళగిరి దగ్గర ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను.

డాక్టర్లు ముందు చెవి పరీక్ష చేయించారు. వినపడని బిడ్డకు మాట ఎలా వస్తుంది? చెవులు బాగానే ఉన్నాయి. ఆటిజం అన్నారు. స్పీచ్ థెరపీ వారానికి మూడు రోజులు, రోజుకు ఐదు వందలు. నెలకు ఆరు వేలు. విజయవాడకు బస్సు చార్జీలు, ఆ పూట నా సెలవు వేరే.

ఆరు వేలంటే టీచరమ్మకు లెక్కా అనుకోవద్దు. తండాలో చదువుకుని ఉద్యోగం చేసే ఆడపిల్ల జీతం ఒక ఇంటికే పోదు. తమ్ముడి చదువు, నాన్న మోకాళ్ళు, అప్పు అన్నీ దానిమీదే.

హెల్త్ కార్డు ఉందిగా అన్నారు స్టాఫ్‌రూములో. అడిగాక అర్థమైంది, ఇలాంటి పథకాలు ఎక్కువగా ఆపరేషన్లు, ఆస్పత్రిలో చేరే జబ్బుల జాబితా మీద నడుస్తాయి. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు చోటుంది, ఆ తర్వాత బిడ్డకు వినడం, మాట్లాడడం నేర్పే శిక్షణకూ చోటుంది. కత్తి పడితే వెనకాలే మాట నేర్పడానికీ డబ్బు వస్తుంది. కత్తి పడని మా వాడికి రాదు.

మా ఆయన ప్రైవేటు పాలసీ ఒకటి కట్టేవాడు. దానికి బిల్లులు పంపాం. ఆస్పత్రిలో ఇరవై నాలుగు గంటలు చేరి ఉండలేదు కాబట్టి చెల్లదని ఉత్తరం వచ్చింది. నాకు కోపం వచ్చింది. హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉంటారని, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నెలలో జవాబు రాకపోయినా వచ్చింది నచ్చకపోయినా ఆయనకు ఫీజు లేకుండా రాసుకోవచ్చని తెలుసుకున్నాను. కాగితం, పెన్ను తీశాక పాలసీ పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను. పదహారో పేజీలో ఉంది, బయటి రోగి చికిత్సకు వర్తించదని. మేం సంతకం పెట్టిన కాగితమే అది. కట్టేముందు చదవాల్సింది నేను. పెన్ను మూతపెట్టేశాను. మీలో ఎవరైనా పిల్లల కోసం పాలసీ తీసుకుంటుంటే ఓపీడీకి ఇస్తారా, థెరపీకి ఇస్తారా అని అడగండి. ఏజెంటు నోటిమాట కాదు, కాగితంలో చూపించమనండి.

అప్పుడు ఒక స్పెషల్ టీచరు 'నిరామయ' గురించి చెప్పింది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నడిచే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింటికే. ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందు వైద్య పరీక్షలంటూ అడగరు. ఓపీకి, థెరపీకి కూడా ఇస్తారు, కాకపోతే ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉంటుంది. ఒట్టి మాట ఆలస్యమే అయి ఈ నాలుగూ లేని పిల్లలకు ఇది దొరకదు.

దీనికి వైకల్య ధ్రువపత్రం కావాలి. మా ఇంట్లో గొడవ అక్కడే మొదలైంది.

"నా కొడుకు వికలాంగుడని నేనే రాయించి తేవాలా?" అన్నాడు మా ఆయన. వారం రోజులు అన్నం దగ్గర మాటల్లేవు. ఆయన బాధ నాకు తెలుసు. చిన్నప్పుడు హాస్టల్లో ఎస్టీ సర్టిఫికెట్ జెరాక్సు చేత్తో పట్టుకుని లైన్లో నిలబడితే వెనక పిల్లలు ఏమనేవారో ఇద్దరికీ గుర్తే. ఆ కాగితం మమ్మల్ని తక్కువ చేసిందా? నవ్విన నోళ్ళు చేశాయి. కాగితం మాత్రం నాకు సీటు ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఒప్పుకోలేదు. కానీ సచివాలయంలో స్లాటు దొరికిన రోజు పొద్దున్నే బండి తుడిచి బయట పెట్టాడు.

సదరం క్యాంపులో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చారు. నిరామయలో చేరాం. మొదటి క్లెయిము వెనక్కి వచ్చింది. థెరపీ చేసేవాళ్ళకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను ఉండాలి, ఆ నంబరు బిల్లు మీద కనపడాలి. మేం వెళ్ళే చోట బిల్లు మీద నంబరు లేదు, అడిగితే చూపించలేదు. ఆరు నెలలు ఎవరి చేతిలో పెట్టానో నా బిడ్డని అనిపించింది. మీరు మొదటి రోజే అడగండి. మొహమాటపడొద్దు.

చోటు మార్చాం. డాక్టరు చీటీ, నంబరున్న బిల్లు, ప్రగతి రిపోర్టు జతచేసి మళ్ళీ పంపాను. పెట్టిన ఖర్చులో సగానికి తక్కువ వచ్చింది. పానకాల స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం మనకే వదులుతాడంటారు ఇక్కడ. ఇన్సూరెన్సు అంత ధర్మంగా లేదు గానీ, ఆ డబ్బుతో ఆగిపోయిన మూడో రోజు థెరపీ మళ్ళీ మొదలైంది.

డబ్బు కంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఒకటుంది. ఆ మొదటి చోట, "ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే పిల్లాడు తికమకపడతాడు, మీ భాష ఆపేయండి" అన్నారు. మేం ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి. టీచర్ని అయ్యుండి ఎదురు అడగలేదు. మా యాడి మా దగ్గరే ఉంటుంది. ఆమెకు తెలుగు వచ్చు, కానీ మనవణ్ణి ముద్దాడే తెలుగు రాదు. ఎనిమిది నెలలు ఆమె వాడి దగ్గర దాదాపు మూగదైపోయింది. పాట లేదు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఊగేది.

కొత్త చోట థెరపిస్టు ఇది విని తల పట్టుకుంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని, ఆటిజం ఉన్న పిల్లలకూ ఇంటి భాష చెడు చేయదని, వాడితో ఎక్కువసేపు గడిపే మనిషి నోరు మూయించడమే నష్టమని చెప్పింది. ఆ సాయంత్రం యాడికి చెప్తే ఏమీ అనలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మూడు నెలలకు వాడు గ్లాసు పట్టుకుని ఆమె ముందు నిలబడి "పాణి" అన్నాడు. నీళ్ళు. ఒక్కసారి కాదు, ఇచ్చేదాకా అన్నాడు.

ఆ నెల ప్రగతి రిపోర్టులో వాడికి వచ్చిన మాటలు పదకొండు అని ఉంది. చదివి చూస్తే అన్నీ తెలుగు మాటలే. పాణి లేదు. దిద్దమని అడిగాను. "ఫారంలో భాష గడి ఒకటే ఉంది టీచర్" అందామె నవ్వుతూ. గడి పక్కన ఖాళీలో రాయించాను. పన్నెండు. క్లెయిముకు ఆ ఒక్క మాట అక్కర్లేదని నాకూ తెలుసు.

ఇప్పుడు నా తరగతిలో ఒక యానాది పిల్లాడున్నాడు. ఆరేళ్ళు. నాన్న చేపల చెరువు దగ్గర కాపలా. వాడు సైగలతో అడుగుతాడు, మాట లేదు. జీతం, కార్డు, చదువు ఉన్న నాకే రెండేళ్ళు పట్టింది. వాడికి ఆధార్ కూడా లేదు, అది లేకపోతే సదరం స్లాటు కదలడం లేదు. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించాను. వినికిడి, భాష ఆలస్యం వాళ్ళు చూసేవాటిలోనే ఉన్నాయి. చెవి పరీక్షకు రాసిచ్చారు. మండలంలోని భవిత కేంద్రంలో మాట్లాడి ఉంచాను, అక్కడ ఫీజు లేదు.

ఆధార్‌కు పుట్టిన తేదీ కాగితం కావాలట. వాళ్ళమ్మను అడిగితే, "కృష్ణకు పెద్ద నీళ్ళొచ్చిన ఏడు పుట్టాడమ్మా, కట్ట మీద గుడిసెలో" అంది. శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక ఆమెను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్ళాలి.