కిటికీలో ఫుజి

టోక్యో నుంచి పడమరగా సాగే షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో కుడిపక్క కిటికీ సీటు దొరకడం అదృష్టమే. ఫుజి చక్కగా కనిపించేది అటే. 3,776 మీటర్ల ఎత్తు, 1707లో చివరిసారి పేలిన అగ్నిపర్వతం అని చదువుకునే వెళ్లాను. తీరా మంచు కప్పుకున్న ఆ శిఖరం కంటపడ్డాక అంకెలేవీ గుర్తురాలేదు. ఫోన్లలో మునిగినవాళ్లు ఒక్కొక్కరే తలెత్తారు. రోజూ ఈ దారిన పోయేవాళ్లే కాబోలు, అయినా తలెత్తారు.

రైలు రేణిగుంట చేరుతుంటే శేషాచలం కొండలకేసి చేతులు జోడించే మా అమ్మమ్మ కళ్లముందు మెదిలింది. గుడి కనబడేది కాదు. ఆమెకు కొండ చాలు.

ఈ షింకాన్‌సెన్ మార్గం 1964లో మొదలైంది. అంతకు శతాబ్దానికి పైగా ముందే చిత్రకారుడు హొకుసాయ్ ఫుజి కొండకు ముప్పయ్యారు దృశ్యాలు గీయబూని, 46 దాకా వెళ్లాడు. వాటిలో నాకిష్టమైనది పీపా చేసే మనిషి బొమ్మ. అడుగులేని పెద్ద పీపాలో వంగి పని చేసుకుంటుంటాడు. ఆ గుండ్రటి చట్రంలోంచి, ఎక్కడో దూరాన, గోరంత ఫుజి. అతని చూపు మాత్రం చేతిపని మీదే.

వేగపు రైలు నొజోమి ఆగని షిన్-ఫుజి స్టేషన్లో, అన్నిచోట్లా ఆగే కొడామా ఆగుతుంది. అక్కడ దిగాను. కాగితపు మిల్లుల ఊరు. పొగగొట్టాల వెనక కొండ. కొండను చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో మేము వస్తాం. అది ఎప్పుడూ పెరటి వెనకే ఉండే ఈ ఊరి పిల్లలకు, దాన్ని మొదటిసారి చూసిన రోజంటూ ఒకటి ఉంటుందా? ఎవరినైనా అడగాలనిపించింది.