ఆ కొలబద్ద మీద మా అమ్మ

సైకాలజీ ఎమ్మేలో మాకు కోల్‌బర్గ్ సిద్ధాంతం చెప్పారు. మనిషిలో న్యాయాన్యాయాల వివేచన ఆరు మెట్లుగా ఎదుగుతుందట. ఆడవాళ్లు ఎక్కువగా మూడో మెట్టు దగ్గరే ఆగిపోతారని చెప్పి లెక్చరర్ చాక్‌పీసు దులుపుకున్నారు. మూడో మెట్టంటే అయినవాళ్లకి సాయపడి మంచి అనిపించుకోవడం. న్యాయసూత్రాలు పైమెట్ల మీద ఉంటాయి. అవి మగవాళ్లవి.

ఆ మెట్లు ఎవర్ని చూసి కట్టారో ఆయన చెప్పలేదు. లైబ్రరీలో చదివాను. 1958లో చికాగోలో కోల్‌బర్గ్ చేసిన పరిశోధనలో అందరూ మగపిల్లలే. ఒక్క ఆడపిల్లా లేదు. మగాడి కొలతలకి చొక్కా కుట్టి, అది పట్టకపోతే ఆడదాని ఒంట్లోనే లోపముందన్నారు! 1982లో కరోల్ గిల్లిగన్ దీన్నే నిలదీసింది. 1984లో లారెన్స్ వాకర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు తిరగేస్తే ఆడామగా తేడా చాలా తక్కువ చోట్ల కనిపించింది.

కోల్‌బర్గ్ అడిగిన కథ ఒకటుంది. హైంజ్ భార్య కేన్సరుతో చావుబతుకుల్లో ఉంది. 200 డాలర్లతో తయారైన మందుకి కొట్టువాడు 2000 అడుగుతాడు. హైంజ్‌కి 1000 పుట్టాయి. దొంగిలించొచ్చా?

సెలవులకెళ్లినప్పుడు అమ్మనడిగాను. మిరపకోతల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"ఒక్కడే ఎందుకెళ్లాడే? పల్లెంతా కూడి ఆ కొట్టు ముందు కూచోవద్దూ?" అంది. కాసేపాగి, "మన ఇంట్లో జబ్బుందని తెలిస్తే చాలు, మందు ఎవడెత్తుకుపోయినా మీ అయ్యనే స్టేషన్లో కూచోబెడతారు" అంది.

గిల్లిగన్ పుస్తకంలో ఎమీ అనే పదకొండేళ్ల పిల్ల కూడా దొంగతనం కాకుండా వేరే దారి చూడాలంది. విడమరిచి చెబితే కొట్టువాడు వింటాడని ఆ పిల్ల నమ్మకం. కూలి అడిగి తిట్లు తిన్న మా అమ్మకి ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? అయ్య మీద ప్రేమ, పోలీసుల మీద భయం, పల్లె మీద ధీమా, న్యాయం మీద పట్టు అన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. దాన్ని ఏ మెట్టు మీద పెడతారు? గిల్లిగన్ విన్నది ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతి ఆడవాళ్లనని అమెరికాలోనే విమర్శ వచ్చింది. ఆడవాళ్ల గొంతంటే ఒక్క గొంతు కాదు.

మగపిల్లల కొలబద్దని విరిచినవాళ్ల పక్కనే నేను నిలబడతాను. కొత్తది చేసేటప్పుడు మాత్రం మా పల్లెకి రాకుండా చేస్తే ఒప్పుకోను. చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, రేపు మీ చేతికి ఏ స్కేలు ఇచ్చినా, ఎవర్ని కొలిచి దీన్ని తయారుచేశారని ముందు అడగండి. జవాబు చెప్పేదాకా మన అమ్మలకి మార్కులు వెయ్యకండి.