మా బండికి ఎన్ని గుర్రాలు

"కాకా, బండి గుంజుతలేదు."

మా అన్న కొడుకు ఆ మాట మొదటిసారి అన్నది పాశమైలారంలో, ఒక పైపుల కంపెనీ గేటు ముందు. ఆదివారం కాబట్టి బడి లేదు. వాడి పక్క సీట్లో కూర్చున్నాం. లోడు ఎక్కించాక మొదటి గేరులో బండి మూలుగుతూ కదిలింది. వెనకాల నల్లగా పొగ. ఇస్నాపూర్ చౌరస్తా దాకా వాడు ఇంకేం మాట్లాడలేదు. అప్పటికే వాడు మనసులో ఏదో నిశ్చయం చేసుకున్నాడని మాకు తర్వాత తెలిసింది.

బండి వాడి ఒక్కడిది కాదు, మా ఇంటి మొత్తానిది. 2018 మోడల్ తెల్ల పికప్, 2021లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. అన్న జత ఎద్దులు అమ్మి మొదటి డబ్బు కట్టాడు. మిగతాదానికి ఫైనాన్స్. కిస్తీ నెలకు 14,200. ఒకటి రెండు నెలలు కిరాయిలు తక్కువైతే మా జీతంలోంచి పూడ్చాం. కాబట్టి బండికి చేసిన మంచి అయినా చెడు అయినా "మేం చేశాం" అనే చెప్పాలి. పిల్లాడి మీద వేసి మేం పక్కకు తప్పుకుంటే అది న్యాయం కాదు.

బరువు మోయడం మా లంబాడీలకు కొత్త కాదు. తండాలో ముసలివాళ్లు ఇప్పటికీ లదేణి మాట ఎత్తుతారు. ఎద్దుల వీపు మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశం తిరిగిన కాలం అది. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దులు ఒకే గుంపుగా పోవడం చూశానని రాశాడు. 1874 నాటికి వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. ఆ తర్వాత రోడ్లు వచ్చాయి. ఎద్దు మీది ఉప్పు రైలు పెట్టెలోకి పోయింది. మా వాళ్లు కూలికి పోయారు. ఈ సంగతి ఎందుకంటే, పికప్ కొన్న రోజు మా నాయన బండి ముందు కొబ్బరికాయ కొట్టి, "మళ్లీ మన ఇంటికి బరువు మోసే పని వచ్చింది" అని సంతోషపడ్డాడు. దాన్ని బరువు అనలేదు ఆయన, భాగ్యం అన్నాడు.

పటాన్‌చెరు పట్టీలో కిరాయి లెక్క వేరు. కంపెనీవాళ్లు ట్రిప్పుకు డబ్బిస్తారు, టన్నుకు కాదు. ఒక ట్రిప్పులో ఎంత ఎక్కువ పట్టుకుపోతే ఆ బండికే ఫోన్ వస్తుంది. ఆర్సీలో రాసిన బరువుకే ఎక్కించుకుంటానంటే గేటు దగ్గర ఇంకో పది బండ్లు నిలబడి ఉంటాయి. మా పిల్లాడు ఆర్సీ బరువు మీద మరో టన్నున్నర వేసేవాడు. ధర్మకాంట మీద బండి ఎక్కించడం మానేశాడు. కమాన్లకు అదనంగా రెండు పట్టీలు వేయించాడు. ఇవన్నీ మాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాం, ఎందుకంటే కిస్తీ కట్టేది ఆ టన్నున్నరే.

అట్లాంటి రోజుల్లోనే ముంబై రోడ్డు మీద ఒక మెకానిక్ దగ్గర పెట్టె సంగతి విన్నాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా. 18,000 రూపాయలు. "డెబ్బై గుర్రాల బండి తొంభై అయితది, డీజిల్ కూడా మిగులుతది" అన్నాడట. ఫోనులో వీడియోలు చూపించాడు. వాటిలో అమెరికా పికప్పులు సైలెన్సర్ నుంచి కావాలని నల్లపొగ చిమ్ముతూ పోతున్నాయి. ఆ దేశంలోనూ అది చట్టానికి విరుద్ధమేనని వీడియోలో చెప్పరు కదా.

మమ్మల్ని అడిగాడు. మేం డీఎడ్ చదివిన వాళ్లం, పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పేవాళ్లం. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు అని పదేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాం. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని అమ్ముకోవడానికి దాన్ని మిల్లు గుర్రాలతో పోల్చి చెప్పాడని కథగా కూడా చెబుతాం. అయినా ఆ రోజు ఒక్క ప్రశ్న వేయలేదు: ఆ ఇరవై గుర్రాలు ఎక్కడి నుంచి వస్తాయి? "నీకు మంచిగనిపిస్తే పెట్టించు" అని 10,000 ఫోన్‌పే చేశాం.

ఎక్కడి నుంచి వస్తాయో తర్వాత నేర్చుకున్నాం. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది, ఆ వేడికి లోపల చల్లిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన మొదటి ఇంజన్ మనిషి కంటే ఎత్తు, బలం మాత్రం ఇరవై గుర్రాల లోపే. ఇప్పటి పికప్ అంతకు మూడు రెట్లు పైన లాగుతోందంటే దానికి కారణం టర్బో. పొగ బయటికి పోయే ఊపుతో ఒక చిన్న ఫ్యాను తిరిగి, లోపలికి ఎక్కువ గాలి తోస్తుంది. కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే మిగిలిన డీజిల్ మసి అవుతుంది. మనకు కనిపించే నల్లపొగ అదే.

ఆ పెట్టె చేసే పని మోసం. డీజిల్ ప్రెషర్ చూసే సెన్సర్‌కీ బండి కంప్యూటర్‌కీ మధ్య కూర్చుని, ఉన్న ప్రెషర్‌ను తక్కువ చేసి చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ప్రెషర్ పెంచుతుంది. నాజిల్ నుంచి ఎక్కువ డీజిల్ పడుతుంది. పాత బండ్లలో అయితే పంపు మీది స్క్రూ తిప్పి ఇదే పని చేసేవాళ్లు. పని చేయదా అంటే చేస్తుంది. గాలికి చోటున్నంత వరకు బలం నిజంగానే పెరుగుతుంది. దాంతోపాటు సిలిండర్‌లో వేడి, క్లచ్ మీద, గేర్ల మీద భారం కూడా పెరుగుతాయి. కంపెనీవాళ్లు డెబ్బై దగ్గర ఆపింది తెలియక కాదు.

పెట్టించిన మొదటి వారం ఖాళీ బండి లేడిపిల్ల లెక్క ఎగిరింది. ముత్తంగి దగ్గర కార్లను దాటేస్తున్నానని వాడు ఫోన్ చేసి చెప్పాడు. లోడు మీద మాత్రం పొగ ముందుకంటే ఎక్కువైంది. 2009లోనే పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. నక్కవాగు నీళ్ల రంగు గురించి ఈ ప్రాంతపు టీచర్లకు చెప్పక్కర్లేదు. ఆ గాలిలోకి మా వంతు మేమూ పోశాం. అప్పుడది మాకు పొగలా కాదు, బండి బలంలా కనిపించింది.

మా తండా ఆడవాళ్లు ఏడెనిమిది మంది పాశమైలారం కంపెనీల్లో ప్యాకింగ్ పనికి పోతారు. వారమంతా ఇస్నాపూర్‌లో రేకుల గదుల్లో ఉండి, శనివారం రాత్రి నారాయణఖేడ్ వైపు ఇంటికి వస్తారు. పని దిగేసరికి తొమ్మిదవుతుంది. ఆ వేళకు తండా దాకా బస్సు ఉండదు. అందుకని మా బండి ఎక్కేవాళ్లు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని మాకు తెలియక కాదు. మనవాళ్లు కదా, చీకట్లో ఎక్కడ నిలబెడతాం అనుకున్నాం.

ఆ శనివారం వెనకాల సిమెంటు బస్తాలున్నాయి, బస్తాల మీద ఆరుగురు ఆడవాళ్లున్నారు. నాందేడ్ రోడ్డు మీద జోగిపేట దాకా బండి బాగానే వచ్చింది. తండాకు మళ్లాక వాగు దిగుడు ఉంది. ఇదివరకు ఆ దిగుడుకు ముందుండే ఎక్కుడు ఎక్కేసరికే బండి అలసిపోయేది, పైకి చేరాక నెమ్మదిగా దిగేది. ఈసారి మూడో గేరులోనే ఎక్కేసింది, అదే ఊపులో దిగింది. పిల్లాడు బ్రేకు తొక్కాడు, పట్టింది. మళ్లీ తొక్కాడు, పెడల్ మెత్తగా లోపలికి పోయింది. డ్రమ్ములు కాలి, బ్రేక్ ఆయిల్‌లో బుడగలు వచ్చినప్పుడు అట్లా అవుతుంది. వాడి తెలివి ఏమిటంటే, వాగు కల్వర్టు వైపు పోకుండా స్టీరింగ్ ఎడమకు తిప్పి వరిమడి గట్టును గుద్దించాడు.

ఎవరూ చనిపోలేదు. మా చిన్నమ్మ కూతురు కుడిచెయ్యి మణికట్టు పైన రెండు చోట్ల విరిగింది. మాకు అక్క వరస. మిగతావాళ్లకు దెబ్బలు. మేం టార్చిలైటు పట్టుకుని పోయేసరికి ఆమె గట్టు మీద కూర్చుని, విరిగిన చేతిని ఓణీలో కట్టుకుని, "పిల్లాణ్ని కొట్టొద్దురా" అంది.

మా యాడి మాత్రం తెల్లారి బండి చుట్టూ తిరిగి చూసి, "ఎద్దుకు దాణా పెంచి ముకుతాడు తీసేసిన్రా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. చదువుకున్నవాళ్లం మేమే చెప్పాల్సిన మాట అది. వేగం రెండింతలైతే ఆపడానికి ఖర్చయ్యే శక్తి నాలుగింతలు అవుతుంది. ఆ పాఠం ఏటా చెబుతాం. పెట్టె బ్రేకులకు ఏమీ ఇవ్వలేదు.

మరో ఇరవై రోజులకు ఇంజన్ పోయింది. రుద్రారం దగ్గర తెల్లపొగ, టకటక శబ్దం, ఆపైన ఏమీ లేదు. తాడు కట్టి గుంజుకొచ్చారు. పెట్టె అమ్మిన మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. రామచంద్రాపురంలో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడని ఎవరో చెబితే అక్కడికి తీసుకుపోయాం. ఆయన హెడ్ విప్పి చూపించాడు: మూడో సిలిండర్ పిస్టన్ తల అంచున మైనం కరిగినట్టు కరిగిపోయింది. "బోరుకొచ్చింది సారూ. ఫుల్ ఇంజన్ పని." మొత్తం 86,000.

అసలు మాట తర్వాత చెప్పాడు. టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తెచ్చే రబ్బరు గొట్టం తీసి మా చేతిలో పెట్టాడు. కింది వైపు, క్లిప్పు దగ్గర, వేలెడంత చీలిక. మామూలుగా మూసుకుని ఉంటుంది, లోడు పడి గాలి ప్రెషర్ పెరిగితే తెరుచుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ దులిపితే పాశమైలారం దుమ్ము దోసెడు రాలింది. "మీ బండి గుంజకపోవడానికి కారణం ఇది. గాలి అందుతలేదు. గాలి లేనిదానికి ఇంకా డీజిల్ పోసిన్రు." కొత్త గొట్టం, ఫిల్టర్ కలిపి మూడు వేలు దాటలేదు.

మూడు వేల జబ్బుకు 18,000 మందు, ఆ మందుకు 86,000 వైద్యం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

చట్టం సంగతి అప్పుడే చదివాం. చదవాల్సింది ముందే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్సీలో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు. జరిమానా కంటే మమ్మల్ని భయపెట్టింది బీమా. ఆ రాత్రి బండి కల్వర్టు మీది నుంచి పడి ఉంటే, సరుకు బండిలో ఎక్కిన ఆరుగురికీ బీమా కింద రూపాయి వచ్చేది కాదు.

ఇంజన్ పని అయ్యేదాకా పిల్లాడు ఇంట్లోనే ఉన్నాడు. ఒక సాయంత్రం వాణ్ని బడికి తీసుకుపోయి నల్లబల్ల ముందు కూర్చోబెట్టాం. మూడు టన్నులు, అంటే బండి, లోడు కలిపి. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే ఎక్కుడు. గంటకు నలభై కిలోమీటర్లు. 3000ను 9.8తో గుణించి, అందులో ఇరవయ్యో వంతు తీసుకుంటే 1,470 న్యూటన్లు. దాన్ని సెకనుకు 11.1 మీటర్లతో గుణిస్తే 16,300 వాట్లు. 746తో భాగిస్తే 22 గుర్రాలు. టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిపినా ముప్పయి చిల్లర. వాడు ఐటీఐ చదివినవాడే, లెక్క వాడే పూర్తిచేశాడు. చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు బల్ల వైపే చూశాడు. "మరి డెబ్బై ఉంటే ఎందుకు సరిపోలే కాకా?" అన్నాడు. జవాబు వాడికి తెలుసు. గొట్టంలో కొన్ని గుర్రాలు పోయాయి, టన్నున్నర కింద కొన్ని నలిగాయి.

అందుకని గుర్రాలు పెంచడమే తప్పని మేం అనం. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో 'శరత్' యుద్ధ వాహనం తయారవుతుంది. పద్నాలుగు టన్నుల బరువు, 300 గుర్రాల డీజిల్ ఇంజన్. దాని బ్రేకులు, గేర్లు, చల్లబరిచే రేడియేటర్ అన్నీ ఆ 300కే గీశారు. మా ఐటీఐ పిల్లల్లో ఎవరైనా అట్లాంటి గీతలు గీసేచోటికి పోతే మాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. రోడ్డు పక్కన డబ్బా తగిలించుకోవడం వేరే పని.

ఇప్పుడు వాడు పదివేల కిలోమీటర్లకోసారి ఫిల్టర్ మారుస్తాడు, వారానికోసారి గొట్టాలు తడిమి చూస్తాడు. అదనపు కమాను పట్టీలు తీయించాడు. లోడు మానలేదు గానీ తగ్గించాడు, టన్నున్నర బదులు రెండు మూడు క్వింటాళ్లు. ఆ మేరకు కిరాయిలు తగ్గాయి. రెండు కంపెనీలు వాణ్ని పిలవడం మానేశాయి. నెలకు నాలుగైదు వేలు మా జీతంలోంచే పోతున్నాయి. ఇంకా పదకొండు కిస్తీలున్నాయి.

పెట్టె మా బడి సైన్సు బీరువాలో ఉంది. చీలిన గొట్టం కూడా. పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డుల్లో చేరే పిల్లలు తండాకు వచ్చినప్పుడు ఆ గొట్టం చేతికిచ్చి లోపం కనుక్కోమంటాం. వంచి చూస్తేగానీ చీలిక కనబడదు. సగం మంది కనుక్కోలేరు.

అక్క చెయ్యి అతికింది గానీ పూర్తిగా పైకి లేవదు. ప్యాకింగ్‌లో పెట్టెలు ఎత్తలేదు కాబట్టి ఆమెను ఊడ్చే పనికి మార్చారు, కూలీ తగ్గింది. తగ్గిన కూలీ మేమిస్తామంటే మొదట్లో వద్దంది, ఇప్పుడు తీసుకుంటోంది. శనివారం రాత్రి మా బండిలో ఎవరినీ ఎక్కించుకోవడం లేదు. ఆ ఆడవాళ్లు ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి, తొమ్మిదిన్నరకో పదింటికో, మా వైపు వచ్చే ఇంకెవరిదో పికప్ ఎక్కుతున్నారు.